పెద్దపేగు క్యాన్సర్ భయానికి డి విటమిన్: ఎంత వాడాలి, ఎక్కడ ఆగాలి, ఇంకేం చేయాలి

ఇరవై ఏళ్లకు పైగా మందుల షాపు నడుపుతున్నాను. ఈమధ్య వారానికి ఒకరైనా వచ్చి, "అన్నా, ఆ అరవై వేల డి విటమిన్ పొడి నాలుగు ప్యాకెట్లు ఇవ్వు, పేగు క్యాన్సర్ రాకుండా ఆపుతుందంట కదా" అని అడుగుతున్నారు. ఫోన్లో ఎవరో పంపిన మెసేజ్ చూపిస్తారు. ఆ మెసేజ్‌లో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజమే మనుషుల్ని తప్పుదారి పట్టిస్తోంది.

అలా అడిగిన ఒక పెద్దాయన నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. ఆరు నెలలు క్రమం తప్పకుండా డి విటమిన్ వేసుకున్నాడు. అదే ఆరు నెలలు మోషన్‌లో రక్తం పడుతుంటే మొలలనుకుని ఆయింట్‌మెంట్ రాసుకున్నాడు. రెండూ నా దగ్గరే కొన్నాడు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించి "బాబాయ్, ఒకసారి పెద్ద డాక్టర్‌కి చూపించుకో" అని నేను అనేసరికి బాగా ఆలస్యమైపోయింది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా కౌంటర్ దగ్గర నిలబెట్టి ఈ వరుసలోనే చెబుతున్నాను. మీరూ ఇదే వరుసలో చేయండి. మొదటి పని డి విటమిన్ కాదు.

1. ముందు మీ ఒంట్లో ఇప్పటికే ఏదైనా సూచన ఉందేమో చూసుకోండి

నివారణ అనేది జబ్బు లేనివాళ్లకు. లక్షణం ఉన్నవాళ్లకు కావలసింది పరీక్ష. కాబట్టి ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

మోషన్‌లో రక్తం కనిపిస్తోందా? అది ఎర్రగానే ఉండాలని లేదు. పేగులో పైభాగం నుంచి వస్తే ముదురు రంగులో, నల్లగా కూడా ఉండొచ్చు. మూడు నాలుగు వారాలుగా అలవాటు మారిందా? అంటే, రోజూ సాఫీగా అయ్యేవారికి మలబద్ధకం మొదలవడం, లేదా రోజుకు నాలుగైదుసార్లు వెళ్లాల్సి రావడం. వెళ్లి వచ్చాక కూడా ఇంకా లోపల మిగిలి ఉన్నట్టు అనిపిస్తోందా? కారణం లేకుండా బరువు తగ్గుతున్నారా? ఇవన్నీ ఎవరికీ చెప్పుకోలేని సంగతులని మనవాళ్లు దాచుకుంటారు. ముఖ్యంగా ఆడవాళ్లు. డాక్టర్ ముందు ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకొకటి. మగవాళ్లకు గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు గానీ ఐరన్ తగ్గి రక్తహీనత వచ్చిందంటే, ఐరన్ మాత్రలు మింగి ఊరుకోకూడదు. ఆ రక్తం ఎక్కడికి పోతోందో వెతకాలి. పెద్దపేగు కుడివైపు వచ్చే క్యాన్సర్ చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. కంటికి రక్తం కనపడదు, మనిషి మాత్రం పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

వీటిలో ఒక్కటి ఉన్నా, ఈ వ్యాసం పక్కన పెట్టి గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ (పొట్ట, పేగుల డాక్టర్) దగ్గరకో, సర్జన్ దగ్గరకో వెళ్లండి. మొలలు ఉన్నవాళ్లకు క్యాన్సర్ రాకూడదనే రూలేమీ లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. "నాకు పదేళ్లుగా మొలలున్నాయి" అనే మాట వెనక చాలా కేసులు దాక్కుని ఉంటాయి.

తర్వాత ఇంట్లోవాళ్ల సంగతి. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా, ఏ వయసులో వచ్చింది అనేది కనుక్కుని ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో చివర్లో పని ఉంది.

2. డి విటమిన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోండి

ఈ కథ 1974లో అమెరికాలో మొదలైంది. సెడ్రిక్ గార్లాండ్, ఫ్రాంక్ గార్లాండ్ అనే అన్నదమ్ములు అమెరికా పటం మీద పెద్దపేగు క్యాన్సర్ మరణాల లెక్కలు చూశారు. ఎండ బాగా కాసే రాష్ట్రాల్లో మరణాలు తక్కువ, ఎండ తక్కువగా ఉండే ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. ఎండ వల్ల ఒంట్లో తయారయ్యేది డి విటమిన్ కదా, అదే కాపాడుతోందేమో అని 1980లో ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటిదాకా డి విటమిన్ అంటే ఎముకల సంగతే.

తర్వాత ప్రయోగశాలల్లో ఈ ఊహకు బలం దొరికింది. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు డి విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. దాన్ని పనిచేసే రూపంలోకి మార్చుకునే ఎంజైమ్ కూడా ఆ కణాల్లోనే ఉంది. కణాలు అదుపు లేకుండా పెరగకుండా, ముదిరిన కణం సమయానికి రాలిపోయేలా అది సాయపడుతుంది.

మనుషుల రక్తంలో కొలిచి చూసినప్పుడు కూడా లెక్క అటువైపే మొగ్గింది. 2019లో 17 అధ్యయనాల్ని కలిపి చూశారు. అందులో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లు 5,706 మంది. రక్తంలో డి విటమిన్ మిల్లీలీటరుకు 12 నానోగ్రాముల లోపు ఉన్నవాళ్లకు, 20 నుంచి 25 మధ్య ఉన్నవాళ్ల కంటే ముప్పు 31 శాతం ఎక్కువగా కనిపించింది. 30 నుంచి 40 మధ్య ఉన్నవాళ్లకు ముప్పు తక్కువ. 40 దాటాక మాత్రం అదనపు లాభం కనపడలేదు. ఈ చివరి మాట మెసేజ్‌లలో ఎవరూ రాయరు. చాలా ముఖ్యమైన మాట అదే.

మరి మాత్రలిచ్చి చూస్తే? అక్కడే ఆశ తగ్గింది. అమెరికాలో 36,282 మంది మహిళలకు, సగం మందికి రోజూ 400 ఐయూ (విటమిన్ మోతాదును కొలిచే యూనిట్) డి విటమిన్, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు ఏడేళ్ల పాటు ఇచ్చారు. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం డి విటమిన్, కాల్షియం వాడినవాళ్లలో 168 మందికి, ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్లలో 154 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. అంటే తేడా లేదు. మోతాదు చాలలేదేమో అన్నారు. వైటల్ అనే పెద్ద పరిశోధనలో 25,871 మందిని తీసుకుని రోజుకు 2,000 ఐయూ ఇచ్చారు. సుమారు అయిదేళ్లు చూశారు. క్యాన్సర్ రావడం తగ్గలేదు. పెద్దపేగు క్యాన్సరూ తగ్గలేదు. ఒకసారి పాలిప్స్ (పేగు లోపల పులిపిరుల్లా వచ్చేవి, కొన్ని తర్వాత క్యాన్సర్‌గా మారతాయి) తీయించుకున్న 2,259 మందికి డి విటమిన్, కాల్షియం ఇచ్చి చూసినా, 2015లో తేలింది ఇదే. పాలిప్స్ మళ్లీ రావడం ఆగలేదు.

దీన్నెలా అర్థం చేసుకోవాలి? రెండు సంగతులున్నాయి. ఎండలో తిరిగేవాళ్లు సాధారణంగా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు. లావుగా ఉన్నవాళ్లలో డి విటమిన్ కొవ్వులో ఇరుక్కుని రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి రక్తంలో తక్కువ డి విటమిన్ ఉండటం కొంతవరకు జబ్బుకు కారణం కాకుండా, జబ్బు తెచ్చే జీవన విధానానికి గుర్తు కావొచ్చు. రెండోది, వైటల్‌లో చేరినవాళ్ల సగటు డి విటమిన్ మొదట్లోనే 30 నానోగ్రాములకు పైగా ఉంది. నిండిన బిందెలో నీళ్లు పోస్తే ఏం నిలుస్తుంది? మనలాంటి కొరత ఉన్నవాళ్ల మీద అంత పెద్ద పరిశోధన జరగలేదు.

అందుకని నేను చెప్పేది ఇది. కొరత ఉంటే తప్పకుండా తీర్చుకోండి. ఎముకలకు, కండరాలకు అది ఎలాగూ కావాలి, పేగుకు కూడా మేలు జరగొచ్చు. కొరత తీరాక ఇంకా ఇంకా వేసుకుంటే క్యాన్సర్ రాదనుకోవడానికి మాత్రం ఆధారం లేదు. వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ 2018లో ఇచ్చిన నివేదికలో కూడా, పెద్దపేగు క్యాన్సర్ విషయంలో డి విటమిన్‌కు ఉన్న ఆధారాన్ని "పరిమితం" అనే గడిలోనే పెట్టారు. నడక, పీచు, పాలు దానికంటే పై గడుల్లో ఉన్నాయి.

3. రక్తపరీక్ష అవసరమా? చేయిస్తే రిపోర్టు చదవండి

ఆరోగ్యంగా తిరుగుతున్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష అక్కర్లేదు. 2024లో హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెబుతున్నాయి. కానీ ఒళ్లంతా నొప్పులు, కండరాల నీరసం ఉన్నవాళ్లు, రోజంతా ఏసీ గదుల్లో ఉండేవాళ్లు, ఒళ్లంతా కప్పుకుని బయటికి వెళ్లేవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, పేగు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగి ఒకసారి చేయించుకోవడం మంచిది.

ల్యాబ్‌లో "25 హైడ్రాక్సీ విటమిన్ డి" అని అడగండి. "1,25" అని మొదలయ్యే పరీక్ష వేరు. అది కిడ్నీ జబ్బుల్లో డాక్టర్లు అడిగేది, ఖరీదూ ఎక్కువ, మీ కొరత సంగతి చెప్పదు. పొరపాటున అది చేయించుకుని వచ్చినవాళ్లను చూశాను.

రిపోర్టులో అంకె పక్కన ఉన్న యూనిట్ చూడండి. మన దగ్గర ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములు అని ఇస్తారు. విదేశాల్లో ఉన్న మీ పిల్లలు పంపే రిపోర్టులో నానోమోల్స్ అని ఉండొచ్చు. దాన్ని 2.5తో భాగిస్తే మన లెక్క వస్తుంది. 50 నానోమోల్స్ అంటే 20 నానోగ్రాములు.

12 లోపు ఉంటే గట్టి కొరత. 12 నుంచి 20 మధ్య అయితే చాలదు. 20 దాటితే చాలామందికి సరిపోతుంది. ల్యాబ్ వాళ్లు 30 లోపు అంతా ఎర్ర అక్షరాల్లో అచ్చు వేస్తారు కాబట్టి 26 వచ్చినవాళ్లు కూడా టెన్షన్ పడుతూ వస్తుంటారు. అంత కంగారు అక్కర్లేదు. 100 దాటితే మాత్రం కంగారు పడాలి, డాక్టర్‌కి చూపించాలి.

4. ఎండ: లేత ఎండ కాదు, నీడ పొట్టిగా ఉన్నప్పుడు

మన ఇళ్లలో పెద్దలు "పొద్దున్నే లేత ఎండలో నిలబడు, డి విటమిన్ వస్తుంది" అంటారు. ఆ ఎండ హాయిగా ఉంటుంది గానీ, దానితో డి విటమిన్ దాదాపు తయారు కాదు. చర్మంలో డి విటమిన్ తయారవ్వాలంటే అతినీలలోహిత కిరణాల్లో బి రకం తగలాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు అవి గాలి పొరల్లోనే ఆగిపోతాయి. ఇది ఎక్కడో పరదేశంలో తేల్చింది కాదు, మన తిరుపతిలో పరీక్షించి చూసినదే. అక్కడి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు చర్మంలో ఉండే పదార్థాన్ని గాజు గొట్టాల్లో పెట్టి ఎండలో ఉంచి, గంట గంటకీ ఎంత మారుతోందో కొలిచారు. ఏడాది పొడవునా ఎక్కువ మార్పు జరిగింది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే. ఎండకు కొదవలేని ఆ చిత్తూరు ప్రాంతంలోనే, పల్లెల్లో పొలం పనులు చేసేవాళ్లలో కూడా చాలామందికి డి విటమిన్ చాలడం లేదని వాళ్ల పరిశోధనలే చూపించాయి.

గడియారం అక్కర్లేదు. మీ నీడ చూసుకోండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే పనికొచ్చే ఎండ. పొడుగ్గా ఉంటే కాదు. మన తెలుగు నేల మీద డిసెంబరులో కూడా మిట్టమధ్యాహ్నం నీడ మనిషి కంటే పొట్టిగానే ఉంటుంది. అంటే మనకు ఏడాదంతా అవకాశం ఉంది.

ముఖం, చేతులు, వీలైతే మోకాళ్ల కింది భాగం తగిలేలా వారంలో మూడు నాలుగు రోజులు, పదిహేను నిమిషాల నుంచి అరగంట. చామనఛాయ, నలుపు చర్మానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం వద్దు. పదిన్నర దగ్గరే కానిచ్చేయండి, తలకు తువ్వాలు చుట్టుకోండి. వడదెబ్బ తెచ్చుకుని విటమిన్ సంపాదించాల్సిన పని లేదు. చర్మం ఎర్రబడేదాకా, మండేదాకా ఎప్పుడూ ఉండకూడదు. బట్టలు ఆరేసే పని, మేడ మీద వడియాలు పెట్టే పని ఆ వేళకు జరిపితే దానికంటూ వేరే సమయం అక్కర్లేదు.

కిటికీ అద్దం వెనక, కారు అద్దం వెనక కూర్చుంటే ఎండ పడుతుంది గానీ బి రకం కిరణాలు రావు. అద్దం వాటిని ఆపేస్తుంది. లూపస్ ఉన్నవాళ్లు, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్ వాడుతున్నవాళ్లు, బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ వాడేవాళ్లు ఎండ విషయం డాక్టర్‌ని అడిగి చేయాలి. ఆ మందులతో చర్మం త్వరగా కమిలిపోతుంది.

బోస్టన్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎంతసేపు ఎండలో నిలబడినా డి విటమిన్ తయారు కాదు, అక్కడ సూర్యుడు అంత కిందుగా ఉంటాడు. బ్రిటన్‌లో ఆకురాలే కాలంలోనూ శీతాకాలంలోనూ అందర్నీ రోజుకు 400 ఐయూ మాత్ర వేసుకోవడం గురించి ఆలోచించమని ప్రభుత్వమే చెబుతుంది. నల్లటి చర్మం ఉన్నవాళ్లయితే ఏడాదంతా. అక్కడి పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తు చేయండి.

5. తిండి: డి విటమిన్ కొంచెం, కాల్షియం గట్టిగా

మన తిండిలో డి విటమిన్ తక్కువ. ఇది ఒప్పుకోవాలి. పెద్దలకు రోజుకు 600 ఐయూ కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ప్రమాణం పెట్టారు. ఒక గుడ్డు సొనలో సుమారు 40 ఐయూ. ప్లస్, ఎఫ్ గుర్తు ఉన్న పాల ప్యాకెట్ అయితే లీటరుకు 200 నుంచి 300 ఐయూ కలుపుతారు, గ్లాసుకు అరవై దాటదు. పాలు కొనేటప్పుడు ఆ నీలం గుర్తు చూసి తీసుకోండి, నూనె ప్యాకెట్ మీద కూడా చూడండి.

చేపలు తినేవాళ్లకు కాస్త అదృష్టం. చెరువు చేపల కంటే కొవ్వున్న సముద్రపు చేపలు మేలు. కనగర్తలు, కవళ్లు తెచ్చుకోండి. ధర కూడా తక్కువ. కనగర్తకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో ఇప్పటికీ ఆ తెలుగు మాటే ఉంది. విశాఖపట్నంలో చేపల్ని సేకరించిన పాట్రిక్ రస్సెల్ 1803లో రాసుకున్న స్థానిక పేరు అది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు. నూనెలో మాడ్చకండి.

కాల్షియం సంగతి దీనికంటే గట్టిది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 5,42,778 మంది మహిళల తిండిని చూసి 2025లో చెప్పింది ఏమిటంటే, రోజుకు అదనంగా 300 మిల్లీగ్రాముల కాల్షియం, అంటే సుమారు ఒక పెద్ద గ్లాసు పాలు, తీసుకున్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 17 శాతం తక్కువ. పేగులోని పిత్తరసం, కొవ్వు ఆమ్లాలు లోపలి పొరను రాపిడి చేయకుండా కాల్షియం వాటిని పట్టుకుంటుందని అంటారు. డి విటమిన్ ఉంటేనే పేగు కాల్షియాన్ని సరిగా పీల్చుకుంటుంది కాబట్టి ఈ రెండూ జంట.

పాలు పడనివాళ్లు పెరుగు, మజ్జిగ తీసుకోవచ్చు. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పైగా 11 గ్రాముల పీచు. అదే పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. రోజుకు ఒక పూట సంకటి, లేదా రాగి జావ, లేదా జొన్న రొట్టె పెట్టుకుంటే మీ పేగుకు ఏ డి విటమిన్ ప్యాకెట్టూ చేయలేనంత మేలు చేసినట్టే. రాయలసీమలో మన తాతలు రోజూ తిన్నదే కదా. నువ్వుల పొడి కూరల్లో చల్లుకోండి, మునగాకు పప్పులో వేయండి.

6. మందు వాడాల్సి వస్తే

ఇది నా పని, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

కొరత తేలితే డాక్టర్లు ఎక్కువగా రాసేది 60,000 ఐయూ, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. తర్వాత నెలకు ఒకటి. ఇది పొడి ప్యాకెట్‌గా, క్యాప్సూల్‌గా, చిన్న సీసాలో ద్రవంగా దొరుకుతుంది. మూడూ ఒకటే మోతాదు, రెండు రకాలు కలిపి వాడకండి. వారానికి ఒకటి అంటే వారానికి ఒకటే. నేను చూసిన పెద్ద పొరపాటు ఇదే. ఒకావిడ చీటీ సరిగా అర్థం కాక నెల రోజులు రోజుకొకటి వేసుకున్నారు. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మనిషి మత్తుగా అయిపోయింది. రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. పేగుకు మంచిదని వేసుకున్న మందు పేగునే బిగించేసింది.

కాబట్టి ఇంటికి వెళ్లగానే క్యాలెండర్ తీసి, ఏ ఆదివారం వేసుకోవాలో ఎనిమిది ఆదివారాలకు పెన్నుతో చుట్టు గీయండి. వేసుకున్నాక కొట్టేయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే మిగతా ప్యాకెట్లు మీ దగ్గరే పెట్టుకుని వారానికి ఒకటి చేతికివ్వండి.

డి విటమిన్ కొవ్వులో కరిగేది. ఖాళీ కడుపుతో, నీళ్లతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మధ్యాహ్నం నెయ్యి వేసుకున్న అన్నం తిన్న వెంటనే వేసుకోండి. పొడి అయితే గ్లాసు పాలల్లో కలుపుకోండి.

కొరత లేదు గానీ ఎండ తగలని ఉద్యోగం అనుకుంటే, రోజుకు 600 నుంచి 1,000 ఐయూ చిన్న మాత్ర చాలు. డాక్టర్ చెప్పకుండా రోజుకు 4,000 ఐయూ దాటకూడదు. వారానికి 60,000 అంటే రోజుకు ఎనిమిదిన్నర వేలు పడుతుంది. అందుకే అది కొరత తీరేదాకా మాత్రమే. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఆపి, ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్‌తో మాట్లాడండి.

ఒకేసారి 6 లక్షల ఐయూ ఇంజెక్షన్ వేయించుకోవడం ఇంకా మన ఊళ్లలో ఉంది. డాక్టర్ ప్రత్యేక కారణంతో చెబితే తప్ప అడిగి వేయించుకోకండి. ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన మహిళలకు ఏడాదికి ఒకసారి 5 లక్షల ఐయూ ఇచ్చి చూస్తే, వాళ్లు కింద పడటం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగింది. 2010లో వచ్చిన ఫలితం అది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టీబీ గానీ సార్కాయిడోసిస్ గానీ ఉన్నవాళ్లు, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లు తమంతట తాము అస్సలు మొదలుపెట్టకూడదు. కాల్షియం మాత్ర కూడా రాస్తే దాన్ని భోజనంతో వేసుకోండి, థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం పెట్టండి. ఐరన్ మాత్రతో కూడా కలపొద్దు.

7. క్యాన్సర్‌ను నిజంగా తగ్గించే మిగతా పనులు

ఇక్కడ చెప్పడానికి కొత్త సంగతి లేదు, చేయడమే మిగిలింది. రోజూ అరగంట చెమట పట్టేలా నడవండి. నడుము చుట్టుకొలత తగ్గించండి. మద్యం, పొగ మానండి. మద్యం పెద్దపేగు క్యాన్సర్‌కు ఒక కారణమని గట్టిగా తేలిపోయింది. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసాలు రోజుకు 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే చెప్పింది. మేక మాంసం ఆదివారానికి ఉంచుకోండి.

8. పరీక్ష: అసలు నివారణ ఇదే

పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక మంచి విషయం ఉంది. చాలాసార్లు అది ఒక చిన్న పాలిప్‌గా, అంటే పేగు లోపల పులిపిరిలా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా తీసుకుంటుంది. ఆ పదేళ్లలో ఎప్పుడు చూసి తీసేసినా క్యాన్సర్ రాకుండా ఆగుతుంది. ఏ విటమిన్‌కీ లేని బలం ఇది.

మన దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వం స్క్రీనింగ్ చేస్తోంది గానీ, పెద్దపేగుకు అలాంటి కార్యక్రమం లేదు. ఇంగ్లండ్‌లో అయితే యాభై దాటినవాళ్ల ఇంటికే మలపరీక్ష కిట్ పోస్టులో వస్తుంది. ఇక్కడ మనమే అడిగి చేయించుకోవాలి.

మొదటి భాగంలో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. రక్త సంబంధీకుల్లో ఎవరికీ లేదు, మీకు లక్షణాలూ లేవు అనుకుంటే, 45 దాటాక ఏడాదికోసారి మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. దాన్ని ఫిట్ అంటారు. మాంసం మానాల్సిన పని లేదు, ఉపవాసం అక్కర్లేదు. పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని అర్థం కాదు, కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలని అర్థం. అప్పుడు "మళ్లీ ఒకసారి మలపరీక్షే చేద్దాం" అని వాయిదా వేయకండి.

అమ్మానాన్నలకో, తోబుట్టువులకో వచ్చి ఉంటే నేరుగా కొలనోస్కోపీ. 40వ ఏట, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్లు ముందు, ఏది ముందైతే అది. నాన్నకు 46లో వచ్చిందంటే మీరు 36కే చేయించుకోవాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి, అందులోనూ చిన్న వయసులో వచ్చి ఉంటే జన్యుపరీక్ష గురించి కూడా అడగండి.

కొలనోస్కోపీ అంటే భయపడతారు. నిజానికి కష్టం పరీక్షలో లేదు, ముందు రోజు పేగు శుభ్రం చేసుకోవడంలో ఉంది. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలు, పీచు తగ్గించండి. ముందు రోజు డాక్టర్ చెప్పినట్టు మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు, చక్కెర కలిపిన నిమ్మరసం వడకట్టి తాగండి. ఇచ్చిన పొడిని చెప్పినన్ని నీళ్లలో కలిపి, చల్లగా చేసుకుని, పావుగంటకో గ్లాసు చొప్పున పూర్తిగా తాగండి. చివరికి నీళ్లలా, లేత పసుపు రంగులో రావాలి. సగం తాగి వదిలేస్తే లోపల సరిగా కనపడక పాలిప్ దాగిపోతుంది, మళ్లీ రమ్మంటారు. ఐరన్ మాత్రలు ఒక వారం ముందే ఆపాల్సి ఉంటుంది. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు ఏది ఎప్పుడు ఆపాలో ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి. మత్తు ఇస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లను ఒకర్ని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు బండి నడపొద్దు.

పాలిప్ కనిపిస్తే చాలావరకు అప్పుడే తీసేసి బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు వచ్చాక మళ్లీ ఎన్నేళ్లకు చేయించుకోవాలో డాక్టర్‌ని అడిగి, ఆ సంవత్సరాన్ని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, మీ తోబుట్టువులకు కూడా ఫోన్ చేసి చెప్పండి.